అమ్మేవాడి చేతిలో ఎంత ఇల్లుంది?

(బూర్గుల రామకృష్ణారావు గారి స్మృతిలో కిషన్‌బాగ్‌లో చేసిన ఉపన్యాసం)



బూర్గుల వారి పేరు మీద మాట్లాడమన్నప్పుడు చాలామంది ఆయన పారశీక పాండిత్యాన్నో, గ్రంథాలయాలతో ఆయనకున్న అనుబంధాన్నో ఎంచుకుంటారు. నేను సేల్ డీడ్లు, నోటరీ కాగితాలు, ఈసీల (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్ల) గురించి మాట్లాడబోతున్నాను. ఆయన మొదట వకీలు. హైదరాబాద్ రాష్ట్రంలో రెవెన్యూ మంత్రిగా పనిచేశారు, 1952 నుంచి 1956 దాకా ముఖ్యమంత్రిగా ఉన్నారు. 1950 నాటి కౌలుదారీ చట్టానికి 1954లో సవరణ తెచ్చి, రక్షిత కౌలుదారును భూమికి యజమానిని చేసే 38ఇ సెక్షన్ చేర్చింది ఆయన ప్రభుత్వమే. ఇనాముల రద్దు చట్టమూ ఆ రోజుల్లోదే. పట్టా ఒకరి పేర ఉంటుంది, దున్నేది ఇంకొకరు. కాగితంలో పేరు లేని ఆ రెండో మనిషికీ భూమిలో హక్కుందని ఆ కౌలుదారీ చట్టం చెప్పింది. ఈ మాటను పెడచెవిన పెట్టి నగరం చుట్టుపక్కల భూములు కొన్నవాళ్లు, ఎన్నో ఏళ్ల తర్వాత కౌలుదారు మనవళ్లు 38ఇ సర్టిఫికెట్ పట్టుకుని వస్తే కోర్టుల పాలయ్యారు.

ఈరోజు నేను చెప్పేది కూడా కాగితంలో పేరు లేని మనిషి గురించే. అయితే పొలాల్లో కాదు, మన గల్లీల్లో.

కిషన్‌బాగ్ నైసర్గిక స్థితి మీకు నేను చెప్పనక్కర్లేదు. ఒకవైపు మూసీ, ఇంకోవైపు మీరాలం చెరువు, బహదూర్‌పురా దాటితే జూపార్కు, అటు నాలుగడుగులు వేస్తే అత్తాపూర్, అంటే రంగారెడ్డి జిల్లా. కృష్ణుడి గుడి, దర్గాలు, ఖబ్రస్తాన్‌లు, సిఖ్ ఛావనీ అన్నీ ఇక్కడిక్కడే. అరవై గజాలు, ఎనభై గజాలు, మహా అయితే నూట యాభై గజాల ఇళ్లు. ఇంత చిన్న ఇంట్లో మూడు తరాలు ఉంటాయి. ఆ ఇంటికి కాగితం ఏముందని అడిగితే ఎక్కువ చోట్ల వినపడే జవాబు ఒకటే: "నోటరీ ఉంది సార్."

కాబట్టి అక్కడే మొదలుపెడతాను. నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న కూడా అదే: నోటరీ ఇల్లు కొనచ్చా?

నోటరీ చేసే పనేమిటో ముందు చూద్దాం. 1952 నోటరీల చట్టం ప్రకారం ఆయన ముందు ఫలానా మనిషి సంతకం పెట్టాడని ఆయన ధ్రువీకరిస్తాడు. అంతవరకే. ఆ మనిషికి ఇల్లుందా, అమ్మే హక్కుందా, అదే ఇంటిని నిన్న వేరేవాళ్లకు రాసిచ్చాడా అన్నవి ఆయన చూడడు, చూసే అధికారమూ లేదు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 54వ సెక్షన్ ప్రకారం వంద రూపాయలు, ఆపైన విలువ చేసే స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు దస్తావేజుతోనే జరగాలి. ఆనాటి వంద రూపాయల హద్దు ఇప్పటికీ మారలేదు. అంటే హైదరాబాదులో గోడ పక్కన జానెడు జాగా కూడా నోటరీతో చేతులు మారదు. అమ్మకపు ఒప్పందం దానంతటది ఆస్తిలో ఏ హక్కూ ఇవ్వదని కూడా అదే సెక్షన్ చెబుతుంది. జీపీఏ (సాధారణ అధికార పత్రం) మీద అమ్మకాలు యాజమాన్యాన్ని బదలాయించవని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చి చెప్పింది.

"మరి ఇరవై ఏళ్లుగా మేమే ఉంటున్నాం కదా, కబ్జా మాదే కదా?" అంటారు. నిజమే, స్వాధీనానికి చట్టంలో విలువ ఉంది. దారిన పోయేవాడు వచ్చి మిమ్మల్ని బయటికి నెట్టలేడు. కానీ అసలు యజమానిగానీ అతని వారసులుగానీ వస్తే సంగతి వేరు. ఒప్పందం కింద ఇంట్లో చేరినవాడికి ఒకప్పుడు అదే బదలాయింపు చట్టంలోని 53ఎ సెక్షన్ అండగా ఉండేది. 2001 సెప్టెంబరు సవరణ తర్వాత ఒప్పందం రిజిస్టరు అయితేనే ఆ రక్షణ. పోనీ, పన్నెండేళ్లు దాటింది కదా, ప్రతికూల స్వాధీనం అందామా అంటే అక్కడా చిక్కే. యజమానితో ఒప్పందం చేసుకుని, అతని అనుమతితో ఇంట్లోకి వచ్చామని మన కాగితమే చెబుతోంది. అనుమతితో వచ్చినవాడు యజమానికి ఎదురుతిరిగి ఉంటున్నానని రుజువు చేసుకోవడం చాలా కష్టం. దీనికి తోడు స్టాంపు సుంకం. మన రాష్ట్రంలో స్వాధీనం ఇచ్చినట్టు రాసిన ఒప్పందం మీద అమ్మకం మీద పడేంత సుంకం పడుతుంది. అది కట్టని కాగితాన్ని కోర్టులో పెడితే తక్కువపడ్డ సుంకంతోపాటు దానికి పదిరెట్ల దాకా జరిమానా పడవచ్చు.

ఇంత చెప్పాక కూడా నోటరీ ఇళ్లలో ఉన్నవాళ్లను నేను తప్పుపట్టను. వాళ్లు చట్టాన్ని ఎగ్గొడదామని అలా కొనలేదు. 1976లో పట్టణ భూ పరిమితి చట్టం వచ్చాక పెద్ద భూములున్నవాళ్లు ముక్కలు ముక్కలుగా కోసి కాగితాల మీద అమ్మేశారు. కొన్ని జాగాలకు లేఅవుట్ లేదు, కొన్నిటికి లింకు డాక్యుమెంట్లు లేవు, కొన్ని నిషేధిత జాబితాలో ఉన్నాయి. రిక్షా తొక్కి, లాడ్ బజారుకు గాజులు చేసి, ఇళ్లల్లో పనిచేసి కూడబెట్టిన డబ్బుకు రిజిస్ట్రీ ఉన్న ఇల్లు దొరకలేదు. నోటరీ ఇల్లు దొరికింది. ప్రభుత్వాలకు కూడా ఈ సంగతి తెలుసు. అందుకే 2014 డిసెంబరులో 58, 59 జీవోలు వచ్చాయి. ప్రభుత్వ స్థలంలో ఇల్లు కట్టుకున్న పేదలకు 125 గజాల దాకా ఉచితంగా, మిగిలినవాళ్లకు రుసుము మీద క్రమబద్ధీకరణ. ప్రైవేటు స్థలాల్లోని నోటరీ కొనుగోళ్ల కోసం 2023 జులైలో 84వ జీవో తెచ్చారు. దానిలోనూ 125 గజాల దాకా స్టాంపు సుంకం మాఫీ అన్నారు. ఇలాంటి తలుపులు ఎప్పుడూ తెరిచి ఉండవు. ఇవాళ ఏది తెరిచి ఉందో కలెక్టరేటులో లిఖితపూర్వకంగా అడిగి తెలుసుకోండి. దళారీ నోటి మాట మీద వెళ్లకండి. ఏ జీవో లేకపోయినా ఒక దారి ఎప్పుడూ ఉంటుంది: మీకు అమ్మిన మనిషి బతికుండగానే వెతికి పట్టుకుని సేల్ డీడ్ రాయించుకోండి. ఆయన పోతే సంతకం పెట్టాల్సినవాళ్లు ఒకరు కాదు, ఏడెనిమిది మంది అవుతారు.

ఇక రెండో ప్రశ్నకు వస్తాను. "రిజిస్ట్రీ అవుతుందా?" ఇల్లు చూడగానే అందరూ మొదట అడిగేది ఇదే. అవుతుందనగానే గుండెల మీద చెయ్యి వేసుకుంటారు. నా అనుభవంలో ఎక్కువ ఇళ్లు మునిగింది ఈ నిశ్చింత దగ్గరే.

సబ్ రిజిస్ట్రార్ దస్తావేజును నమోదు చేస్తాడు. సంతకం పెట్టింది ఫలానా మనిషే అని చూస్తాడు, ఫొటో, వేలిముద్రలు తీసుకుంటాడు, సుంకం లెక్క చూస్తాడు, రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ కింద నిషేధించిన ఆస్తుల జాబితా చూస్తాడు. అమ్మేవాడికి యాజమాన్యం ఉందా లేదా అన్నది తేల్చడం ఆయన పని కాదు. తమిళనాడులో ఒక నిబంధన పెట్టి, పాత హక్కు పత్రం చూపిస్తేనే రిజిస్టరు చేస్తామన్నారు. 2025 ఏప్రిల్‌లో కె. గోపీ కేసులో సుప్రీంకోర్టు ఆ నిబంధన చెల్లదని కొట్టేసింది. యాజమాన్య హక్కుతో రిజిస్టరింగ్ అధికారికి సంబంధం లేదని, అమ్మేవాడికి హక్కు లేకపోయినా పద్ధతి ప్రకారం వచ్చిన దస్తావేజును ఆయన నమోదు చేయాల్సిందేనని చెప్పింది. చార్మినార్‌ను అమ్ముతానని ఎవరో దస్తావేజు రాస్తే నిషేధిత జాబితా ఆపుతుంది. మీ పక్కింటిని అమ్ముతానంటే ఆపడానికి ఏ జాబితా లేదు.

అన్ని దేశాల్లో ఇలా లేదు. 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో రాబర్ట్ టొరెన్స్ తెచ్చిన పద్ధతిలో ప్రభుత్వ రిజిస్టరులో పేరు ఎక్కడమే యాజమాన్యం. ఆ రిజిస్టరుకు ప్రభుత్వం పూచీ. మన దగ్గర ఆ పూచీ లేదు. ఆంధ్రప్రదేశ్ అలాంటి చట్టం ఒకటి చేసి 2023లో అమల్లోకి తెచ్చింది. దాని మీద రేగిన భయాల మధ్య 2024లో రద్దు చేసుకుంది. పూచీ ఇచ్చే రిజిస్టరు వచ్చేదాకా, మన దేశంలో ఇల్లు కొనేవాడే హక్కును శోధించుకోవాలి. సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి ఏడున్నర శాతం కట్టినా ప్రభుత్వం ఆ పని మన తరఫున చేయదు. ఇది చాలామందికి అన్యాయంగా తోస్తుంది. నాకూ అన్యాయమనే అనిపిస్తుంది. కానీ ఇవాళ ఉన్న చట్టం ఇది.

మరి ఏం అడగాలి? రిజిస్ట్రీ అవుతుందా అని కాదు. ఈ ఇంట్లో నీ వాటా ఎంత అని అడగాలి.

ఒక లెక్క చేద్దాం. ఎనభై గజాల ఇల్లు. ఇంటాయన సొంత సంపాదనతో రిజిస్ట్రీ చేయించుకుని కట్టుకున్నాడు. కాగితాల్లో ఏ లోపమూ లేదు. ఆయన పోయాడు. తల్లిదండ్రులు అప్పటికే లేరు. భార్య, ఇద్దరు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు ఉన్నారు. పెద్దకొడుకు ఇల్లు అమ్ముతానని మీ దగ్గరికి వచ్చాడు. ఇంటి పన్ను అతని పేర మారింది, కరెంటు మీటరు అతని పేరే, తాళం చెవులు అతని జేబులోనే.

సున్నీ హనఫీ కుటుంబమైతే పిల్లలున్న భార్యకు ఎనిమిదో వంతు. మిగిలిన ఏడు వంతుల్లో కొడుక్కి రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు. లెక్క వేయండి. తల్లికి పది గజాలు. ముగ్గురు కూతుళ్లకు తలా పది. కొడుకులకు తలా ఇరవై. మొత్తం ఎనభై. అంటే మీకు ఎనభై గజాలు అమ్ముతానంటున్న మనిషి చేతిలో ఉన్నది ఇరవై గజాలు.

అదే కుటుంబం హిందువులదైతే, తండ్రి స్వార్జితమైతే, వీలునామా లేకపోతే, 1956 వారసత్వ చట్టం ప్రకారం తల్లి, ఐదుగురు పిల్లలు, ఆరుగురికీ సమానం. తలా పదమూడు గజాల చిల్లర. పెద్దకొడుకు చేతిలో ఇరవై కూడా లేదు. పూర్వీకుల ఆస్తయితే కూతురికి పుట్టుకతోనే హక్కు. ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆ హక్కును 1985 సెప్టెంబరు 5 నుంచే ఇచ్చింది, అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు. 2005 సెప్టెంబరులో కేంద్రం దేశమంతటికీ, పెళ్లయినవాళ్లకూ విస్తరించింది. ఆ తేదీనాటికి తండ్రి బతికి ఉండాల్సిన అవసరం లేదని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

రెండు ధర్మశాస్త్రాలు వేరు, వంతులు వేరు. అమ్మకం దగ్గరికి వచ్చేసరికి మాత్రం రెండు చోట్లా జరిగేది ఒకటే. అక్కచెల్లెళ్లను ఎవరూ పిలవరు. "పెళ్లిళ్లు చేశాం కదా", "కట్నం ఇచ్చాం కదా", "వాళ్లు ఏమీ అడగరు". పండక్కి పుట్టింటికి రావడం ఆగిపోతుందేమోనన్న భయంతో ఆమె నిజంగానే అడగదు. కానీ అడగకపోవడం వదులుకోవడం కాదు. ఉమ్మడి ఆస్తిలో ఒకరి స్వాధీనం అందరి స్వాధీనంగానే చట్టం చూస్తుంది. నీకు హక్కు లేదు పొమ్మని బాహాటంగా కాదన్న రోజు నుంచే పన్నెండేళ్ల గడువు లెక్క మొదలవుతుంది. అందుకే పదిహేనేళ్లు, ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఆడబిడ్డ పంపకాల దావా వేయగలుగుతోంది. అప్పుడు ఇల్లు కొన్నవాళ్లు ఆమెను తిట్టడం నేను ఎన్నోసార్లు విన్నాను. ఆమె చేసిన నేరం ఏమీ లేదు. ఆమె సంతకం లేకుండా ఆమె పది గజాలు కొన్నది మీరు.

అలా కొన్నవాడి గతేమిటో కూడా చెప్పాలి. దస్తావేజులో ఎనభై గజాలని రాసి ఉన్నా, అతనికి దక్కేది అమ్మినవాడి ఇరవై గజాలే. ఆ ఇరవై కూడా ఎక్కడో చెప్పలేం, పంపకం కాలేదు కాబట్టి. కుటుంబం నివసించే ఇంట్లో వాటా కొన్న పరాయివాడికి వాళ్లతోపాటు ఆ ఇంట్లో ఉండే హక్కు లేదని బదలాయింపు చట్టం 44వ సెక్షన్ అంటుంది. అతను పంపకం దావా వేయాలి. వేస్తే, 1893 పంపకాల చట్టం 4వ సెక్షన్ కింద ఆ కుటుంబంలోని వాటాదారు కోర్టు కట్టిన వెలకు అతని వాటాను తానే కొనుక్కుంటానని అడగవచ్చు. డబ్బంతా పోసి చివరికి ఇల్లూ దక్కక, ఇరవై గజాల వెల చేతికి తీసుకుని బయటికి రావాల్సిన మనుషులను నేను చూశాను.

దీనికి మందు ఖరీదైంది కాదు. తల్లి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరూ ఒకే సేల్ డీడ్ మీద అమ్మేవాళ్లుగా సంతకాలు పెట్టాలి. సాక్షులుగా కాదు, అమ్మేవాళ్లుగా. లేదంటే ముందే విడుదల పత్రం రిజిస్టరు చేయించాలి. కుటుంబంలో విడుదలకు సుంకం అమ్మకపు సుంకం కన్నా బాగా తక్కువ. తండ్రి బతికుండగా కూతురి దగ్గర "నాకేమీ వద్దు" అని రాయించుకున్న కాగితాన్ని చూపిస్తారు. ఇంకా రాని వారసత్వాన్ని బదలాయించడం కుదరదు. ఆ కాగితం మీద ఆధారపడి కొనకండి. తహసీల్దారు ఇచ్చే కుటుంబసభ్యుల సర్టిఫికెట్ తెప్పించుకోండి, కానీ దాని మీదే భరోసా పెట్టకండి. గల్లీలో పెద్దవాళ్లను అడగండి, వాళ్లకు ఆ ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డా తెలుసు. ఆడబిడ్డ వాటా డబ్బు ఆమె ఖాతాకే వెళ్లాలి. సంతకం ఆమెది, చెక్కు అన్నదైతే రేపు మోసం చేశారని ఆమె అనడానికి మీరే ఆధారం ఇచ్చినట్టు.

హిబా గురించి ఇక్కడ తప్పక అడుగుతారు. "నాన్న నాకు నోటిమాటగా హిబా చేశారు, రిజిస్ట్రీ లేదు, చెల్లుతుందా?" చెల్లవచ్చు. ముస్లిం ధర్మశాస్త్రంలో దానానికి మూడు అంగాలు: ఇస్తున్నానని చెప్పడం, పుచ్చుకోవడం, స్వాధీనం అప్పగించడం. ఈ మూడూ జరిగితే నోటిమాట దానం కూడా దానమే. రాసుకున్నంత మాత్రాన రిజిస్టరు చేయాల్సిన పనిలేదని మన హైకోర్టు నుంచే వెళ్లిన హఫీజా బీబీ కేసులో 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే కొనేవాడిగా మీరు చూడాల్సింది వేరే. తండ్రి పోయాక, మిగతా వారసులు కాదంటున్నప్పుడు, ఆ మూడు అంగాలూ జరిగాయని రుజువు చేయాల్సిన బరువు హిబా పొందానన్నవాడి మీద, అతని నుంచి కొన్న మీ మీద పడుతుంది. ఈసీలో అది కనిపించదు. హిబా చెప్పి అమ్మేవాడి దగ్గర కొంటే మిగతా వారసుల సంతకాలూ తీసుకోండి. వాళ్లు పెట్టబోమంటే, ఆ హిబాను ఒప్పుకోవడం లేదన్నమాట.

మైనర్ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. భర్త పోయిన తల్లి పిల్లల చదువు కోసం ఇల్లు అమ్ముతుంది. జాలిపడి కొంటారు. ముస్లిం చట్టంలో తల్లి పిల్లల పెంపకానికి హక్కుదారు, వాళ్ల ఆస్తికి సంరక్షకురాలు కాదు. 1918లో ప్రివీ కౌన్సిల్ చెప్పిన ఈ సూత్రమే ఇప్పటికీ నడుస్తోంది. కోర్టు అనుమతి లేకుండా ఆమె అమ్మిన మైనరు వాటా అసలు అమ్మకమే కాదు. హిందూ మైనరైతే తల్లి సంరక్షకురాలే అయినా 1956 హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 8వ సెక్షన్ కింద ముందుగా కోర్టు అనుమతి కావాలి. లేకపోతే ఆ బిడ్డ మేజరయ్యాక మూడేళ్లలోపు అమ్మకాన్ని రద్దు చేయించవచ్చు. ఆ తల్లికి నిజంగా సాయం చేయదలిస్తే, ఆమెతో కలిసి కోర్టుకు వెళ్లి అనుమతి తెప్పించండి. కొన్ని నెలలు పడుతుంది. ఆమెకూ, పిల్లలకూ, మీకూ అదే క్షేమం.

దూరాన ఉన్న వారసులు మన బస్తీల్లో తక్కువేమీ కాదు. జెద్దాలో తమ్ముడు, దుబాయిలో బావ. వాళ్లు జీపీఏ పంపాలంటే అక్కడి భారత కాన్సులేటులోనో నోటరీ ముందో సంతకం పెట్టాలి. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు సుంకం కట్టించాలి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో జీపీఏ కాదు. ఇచ్చినవాడు పోతే మామూలు జీపీఏ కూడా అతనితోనే పోతుంది కాబట్టి, రిజిస్ట్రీ రోజు ఉదయం ఫోన్ చేసి ఆయనతో మాట్లాడండి. ఇంకో వారసుడు పాకిస్తాన్ పౌరుడై ఉంటే సంగతి మరీ తీవ్రం. 1968 శత్రు ఆస్తి చట్టం కింద ఆ వాటా కస్టోడియన్‌కు చేరి ఉండవచ్చు. 2017 సవరణ తర్వాత దాన్ని ఇక్కడి బంధువులు వారసత్వంగా పొందే దారి మూసుకుపోయింది. ఇది ఎవరి దేశభక్తినీ ప్రశ్నించే విషయం కాదు. పాతబస్తీలో 1948 తర్వాత విడిపోయిన కుటుంబాలు ఉన్నాయి. కొనేముందు ఆ ప్రశ్న మర్యాదగా అడగాలి.

ఇప్పటిదాకా మనుషుల వాటాల గురించి చెప్పాను. దేవుడి వాటా కూడా ఉంటుంది. వక్ఫ్ భూమిని దాని నిర్వాహకుడైన ముతవల్లీ అమ్మితే ఆ అమ్మకం మొదటి నుంచీ చెల్లదని వక్ఫ్ చట్టపు 2013 సవరణ స్పష్టంగా చెప్పింది. ఒకసారి వక్ఫ్ అయితే ఎప్పటికీ వక్ఫేనని ఆంధ్రప్రదేశ్ వక్ఫ్ బోర్డు కేసులోనే 1998లో సుప్రీంకోర్టు అంది. దేవాలయ భూమికి 1987 దేవాదాయ చట్టం 80వ సెక్షన్ కాపలా. కమిషనర్ అనుమతి లేకుండా పూజారిగానీ ధర్మకర్తగానీ గజం కూడా అమ్మలేరు. వక్ఫ్ అని గెజిట్‌లో పేరున్నంత మాత్రాన వివాదం తీరదు కూడా. మణికొండ జాగీరులో హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గాకు చెందినవని నోటిఫై చేసిన 1,654 ఎకరాలు వక్ఫ్‌వి కావు, ప్రభుత్వానివేనని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అంత పెద్ద సంస్థలు పదేళ్లకు పైగా తలపడ్డాక తేలిన విషయాన్ని, ఎనభై గజాలు కొనే మనిషి ఒక సాయంత్రంలో తేల్చుకోలేడు. వక్ఫ్ గెజిట్‌లో, దేవాదాయ రిజిస్టరులో, 22ఎ జాబితాలో సర్వే నంబరు కనబడితే ఆ ఇంటి జోలికి వెళ్లకండి.

నది సంగతి క్లుప్తంగా. 2012 నాటి 168వ జీవో ప్రకారం నగరపాలక పరిధిలో నది హద్దు నుంచి 50 మీటర్లు, 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువు ఎఫ్‌టీఎల్ (నిండు నీటిమట్టం) హద్దు నుంచి 30 మీటర్లు నిర్మాణం చేయకూడదు. మూసీకీ మీరాలం చెరువుకూ మధ్య ఉన్న మనకు ఈ రెండు అంకెలూ అవసరమే. 2024 జులైలో ఆక్రమణల తొలగింపు సంస్థ హైడ్రా ఏర్పడ్డాక నగరంలో రిజిస్ట్రీ, బ్యాంకు లోను ఉన్న ఇళ్లు కూడా కూలాయి. ఆ సెప్టెంబరులో మూసీ ఒడ్డు ఇళ్ల గోడల మీద, తొలగించాల్సినవన్న గుర్తుగా, ఎర్రరంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని రాసి వెళ్లారు. ఆ ఇళ్లలోవాళ్లకు సరైన పునరావాసం ఇవ్వకుండా గోడ మీద చెయ్యి వేయడం తప్పని నా దృఢమైన అభిప్రాయం. కానీ కొత్తగా కొనేవాళ్లు నది, చెరువు హద్దుల మ్యాపు చూడకుండా కొనకండి.

ఈసీ గురించి. 1983 జనవరి నుంచి ఉన్నది ఆన్‌లైన్‌లో వస్తుంది. అంతకుముందుది రిజిస్ట్రార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టి వెతికించాలి. ఈసీ శుభ్రంగా ఉందంటే రిజిస్టరైన లావాదేవీలు లేవనే అర్థం. కోర్టులో నడుస్తున్న దావా అందులో ఉండదు. దావా నడుస్తుండగా కొన్నవాడు ఆ తీర్పుకు కట్టుబడాల్సిందే. నోటిమాట పంపకం ఉండదు, హిబా ఉండదు, మరణం ఉండదు, ఆడబిడ్డ ఉండదు. అందుకే పాత దస్తావేజుల అసలు ప్రతులు చూడాలి. అసలు ఎక్కడో తాకట్టులో ఉంటే జిరాక్సు మీ చేతికి వస్తుంది. మన ఇళ్ల పాత బైనామాలు ఉర్దూలో ఉంటాయి. చదవగలిగిన పెద్దలు ఇంకా ఉన్నారు. వాళ్ల దగ్గర కూర్చుని హద్దులు, వాటాలు, సాక్షుల పేర్లు రాయించుకోండి. ఆ సాక్షుల్లో ఒక్కోసారి మీరు వెతుకుతున్న తమ్ముడు కనిపిస్తాడు. ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, 19తో మొదలయ్యే ఇంటి నంబరు, ఇవి మీరక్కడ ఉంటున్నారని చెబుతాయి. ఇల్లు మీదని చెప్పవు.

బయానా (అడ్వాన్సు) విషయంలో ఒకటి రెండు మాటలు. ఒప్పందాన్ని కూడా మన రాష్ట్రంలో 1999 నుంచి రిజిస్టరు చేయాలి. అమ్మేవాడు మాట తప్పితే మూడేళ్లలోపు దావా వేయాలి. గడువు తేదీ రాసి ఉంటే ఆ తేదీ నుంచే ఆ మూడేళ్లు. "రేపు మాపు" అని తిప్పేవాడు మీ మూడేళ్లు తినేస్తాడు. ఇరవై వేలు, ఆపైన నగదు వద్దు. నగదు తీసుకున్నవాడి మీద ఆదాయపు పన్ను చట్టం కింద అంతే మొత్తం జరిమానా పడవచ్చు. బెంగళూరులో ఒక విద్యాధర్మసంస్థ భూమి మీద 75 లక్షల నగదు ఇచ్చామని దావా వేసిన కేసులో 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది: రెండు లక్షలు, ఆపైన నగదు ఇచ్చామని దావాలో రాస్తే కోర్టు ఆ సంగతి ఆదాయపు పన్ను శాఖకు తెలియజేయాలి. బయానా నగదుగా ఇచ్చి రసీదు తెచ్చుకున్నామని ధైర్యంగా ఉన్నవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి.

చివరగా, ఈ సభకు రాసిచ్చిన ప్రశ్నల్లో ఒకటి. ఒక చెల్లెలు అడిగారు: "మా అన్న ఇల్లు అమ్మేశాడు. నాకు చెప్పలేదు. కొన్నవాళ్లు మంచివాళ్లు, చిన్నపిల్లలతో ఉన్నారు. నా వాటా అడిగితే పాపమా?"

పాపం కాదమ్మా. కానీ దావాకు ముందు ఒక పని చేయండి. కొన్నవాళ్ల ఇంటికి వెళ్లి మీ వాటా ఎంతో లెక్క చూపించండి. వాళ్లకు బహుశా తెలియదు. మీ అన్ననూ కూర్చోబెట్టి, మీ వాటాకు అతను తీసుకున్న డబ్బు మీకు ఇప్పిస్తే, మీరు వాళ్ల పేర విడుదల పత్రం రిజిస్టరు చేయవచ్చు. వాళ్ల కాగితం పూర్తవుతుంది, మీ హక్కూ మీకు దక్కుతుంది. కూర్చోబెట్టడానికి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. 1987 న్యాయసేవల చట్టం కింద ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. దావాకు ముందే లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అది డిక్రీతో సమానం. మీ అన్న రానంటే, నోటీసు నేను రాసిపెడతాను. మీ నాన్నగారి దస్తావేజు నకలు, ఆయన మరణ ధ్రువపత్రం తీసుకుని రండి.